కొత్త కెమెరా కొన్నాం, బతుకమ్మ దగ్గరికొచ్చింది, ముందు ఏమేం సెట్ చేసుకోవాలి?

పానగల్ పోరడు:
అందరికీ నమస్తే. కెనాన్ ఆర్50 తీసుకున్నాం, కిట్‌లో వచ్చే 18-45 లెన్స్‌తో. ఇప్పటిదాకా ఫోన్ తప్ప వేరే కెమెరా పట్టింది లేదు. షాపులో అబ్బాయే బ్యాటరీ వేసి, కార్డు పెట్టి, ఆటోలో రెండు ఫోటోలు తీసి చేతికిచ్చాడు. ఇంటికొచ్చి మెనూ తెరిస్తే పేజీలకు పేజీలు, తల తిరుగుతోంది. తేదీ అడిగితే తర్వాత చూద్దాంలే అని దాటేశాను. హాల్లో ఎల్ఈడీ లైటు కింద అమ్మను ఫోటో తీస్తే అడ్డంగా నల్ల చారలు పడుతున్నాయి, పీసే ఖరాబుదేమో అని టెన్షన్. వ్యూఫైండర్‌లో అక్షరాలు కూడా మసకగా ఉన్నాయి. పెత్రమాస దగ్గర పడింది, మా వాడకట్టు బతుకమ్మ మొత్తం నేనే తీస్తానని అందరికీ చెప్పేశాను. ఏవి మార్చాలి, ఏవి ముట్టుకోవద్దు?

పాలమూరు ఫోటోలు:
తమ్మీ, పీసుకు ఏం కాలేదు. చప్పుడు రావొద్దని సైలెంట్ షట్టరో ఎలక్ట్రానిక్ షట్టరో ఆన్ చేసి ఉంటావు, చూసుకో. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే చాలా ఎల్ఈడీలు సెకనుకు 100 సార్లు వెలుగు తగ్గి పెరుగుతుంటాయి, కంటికి తెలియదు. ఎలక్ట్రానిక్ షట్టర్‌లో సెన్సర్ ఫోటోను పైనుంచి కిందికి వరుస వరుసగా చదువుతుంది కాబట్టి, లైటు తగ్గిన క్షణంలో చదివిన వరుసలు నల్లగా వస్తాయి, అంతే. షట్టర్ మోడ్‌ను ఎలక్ట్రానిక్ ఫస్ట్ కర్టెన్‌కు మార్చు (ఇందులో ఫోటో ముగిసేటప్పుడు నిజం షట్టరే మూసుకుంటుంది), లైట్ల కింద షట్టర్ స్పీడు సెకనులో 1/100 లేదా 1/50 వంతు పెట్టు. వీడియో కూడా తీస్తావు కదా, మెనూలో వీడియో సిస్టమ్ ఎన్‌టీఎస్‌సీలో ఉంటే మన 50 హెర్ట్జ్‌కు సరిపోయే పాల్‌కు మార్చి సెకనుకు 25 లేదా 50 ఫ్రేముల్లో తీయి, లేకపోతే అక్కడా ఇదే గోల.

తేదీ మాత్రం ఈ రాత్రే పెట్టు, టైమ్ జోన్ ఢిల్లీ. తొమ్మిది రోజుల ఫోటోలు, ఫోన్‌లో తీసినవి, చుట్టాలు పంపినవి అన్నీ ఒకచోట పోస్తే ఎంగిలిపూల నాటివి ఏవో సద్దుల నాటివి ఏవో తేదీని బట్టే వరుసలో పడతాయి.

ఇంకోటి, దీన్ని ఎవరూ చెప్పరు. మెనూలో కార్డు లేకుండా షట్టర్ పనిచేయాలా అని ఒకటి ఉంటుంది, కంపెనీ నుంచి ఆన్‌లోనే వస్తుంది. ఆఫ్ చెయ్యి. కార్డు కంప్యూటర్‌కే మరిచిపోయి వెళ్తే కెమెరా టకటక కొడుతూనే ఉంటుంది, తీసిన బొమ్మ ఒక్క క్షణం తెరమీద కూడా చూపిస్తుంది, కానీ ఎక్కడా సేవ్ కాదు. కార్డును కంప్యూటర్‌లో కాదు, కెమెరాలోనే ఫార్మాట్ చెయ్యి, ముందు అందులో ఏమైనా ఉంటే కాపీ చేసుకో. మిగతా మెనూ జోలికి ఇప్పుడు పోకు.

దేవరకొండ అక్క:
వ్యూఫైండర్ మసక సంగతి: దాని పక్కనే చిన్న నాబ్ ఉంటుంది, లోపలి అక్షరాలు స్పష్టంగా కనిపించేదాకా మెల్లగా తిప్పు. ఫోటోను చూస్తూ తిప్పకు, అక్షరాలనే చూడు. ఇంట్లో ఇంకెవరైనా చూస్తే వాళ్ల కంటికి మళ్లీ మారుతుంది. ఆ లెన్స్ ముడుచుకునే రకం, రింగు తిప్పి బయటకు తీయకపోతే ఫోటో తీయదు, అప్పుడు మళ్లీ పాడైందని భయపడకు.

ఇప్పుడు బతుకమ్మ. అందరూ రాత్రి ఆట మీదే పడతారు, అసలు మంచి ఫోటోలు మధ్యాహ్నం పేర్చేటప్పుడు వస్తాయి తమ్ముడూ. తాంబాళంలో గుమ్మడాకులు పరిచి, గునుగు కట్టలు కట్టి కొనలు రంగులో ముంచుతుంటే వేళ్లన్నీ గులాబీ రంగు అవుతాయి, పైన పసుపు గౌరమ్మ. వాకిట్లో నీడపట్టున కూర్చుంటారు కాబట్టి వెలుగు మెత్తగా ఉంటుంది, ఏ సెట్టింగూ అక్కర్లేదు. ఒక్కటే జాగ్రత్త: తంగేడు పసుపు, బంతి నారింజ కెమెరాను మోసం చేస్తాయి. మొత్తం ఫోటో బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది, దగ్గరికి జూమ్ చేస్తే రేకులు విడివిడిగా లేవు, ఒకే రంగు ముద్ద. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (ఫోటో వెలుగును పెంచే తగ్గించే సెట్టింగు) మైనస్ రెండు గీతలు, అంటే స్టాప్‌లో మూడింట రెండొంతులు తగ్గించి తీసి చూడు (ఒక స్టాప్ తగ్గితే వెలుగు సగమవుతుంది). ఆడేటప్పుడు మాత్రం మొహాల మీద ఫ్లాష్ కొట్టకు, మాకు చిరాకు.

మిర్యాలగూడ సెల్వి:
మీరంతా చెప్పారు కానీ రా (RAW, సెన్సర్ చదివింది అలాగే దాచే పెద్ద ఫైలు) గురించి ఎవరూ అనలేదు. రా ప్లస్ జేపెగ్ (మామూలు ఫోటో ఫైలు) పెట్టుకో. వీధిలైటు ఒక రంగు, సీరియల్ బల్బులు ఇంకో రంగు, మొహాలు పచ్చగా వస్తే జేపెగ్‌లో సరిచేయడం కష్టం. 64 జీబీ కార్డులో ఎలా చూసినా పదిహేను వందలదాకా పడతాయి.

పాలమూరు ఫోటోలు:
రాతో ఏం చేస్తాడు సెల్వీ, ఫోన్ తప్ప ఎరుగనివాడు. పండగ పూట ముప్పై ఎంబీ ఫైళ్లు వాట్సాప్‌లో పంపలేక ఏడుస్తాడు.

మిర్యాలగూడ సెల్వి:
పంపేది జేపెగ్గే కదన్నా. రా ఊరికే పడి ఉంటుంది, వచ్చే ఏడాది నేర్చుకున్నాక తెరుస్తాడు. అప్పుడు కావాలంటే ఎక్కడినుంచి తెస్తాడు?

పానగల్ పోరడు:
అన్నా, నిజమే, చిన్నపాప పడుకుందని సైలెంట్ పెట్టాను. తీసేస్తే చారలు పోయాయి. అక్షరాలు కూడా సరిగ్గా కనిపిస్తున్నాయి అక్కా, థ్యాంక్స్. రెండూ సేవ్ అయ్యేట్టు పెట్టాను, గొడవ వద్దు. రాత్రి ఫోటోల్లో మాత్రం చేతులు అలుక్కుపోతున్నాయి, 1/50 లో. ఐఎస్ఓ (చీకట్లో ఫోటో వెలుగు పెంచే సెట్టింగు) ఎంతదాకా పెంచొచ్చు?

దేవరకొండ అక్క:
చప్పట్లు కొట్టి వంగే ఆటకు 1/50 చాలదు, 1/100 పెట్టి ఆటో ఐఎస్ఓ గరిష్ఠం 6400 చెయ్యి. కాస్త గరుకుగా వచ్చినా ఫరవాలేదు, అలుక్కుపోయింది బాగుచేయలేం. జూమ్ చేయకుండా 18 దగ్గరే ఉంచి నువ్వే దగ్గరికి వెళ్లు, అక్కడ లెన్స్ తెరుచుకునేది ఎఫ్ 4.5 (ఈ అంకె చిన్నదైతే వెలుగు ఎక్కువ), 45కి వెళ్తే 6.3 కి పడిపోతుంది, వెలుగు సగానికి తగ్గినట్టే. ముందుముందు డబ్బులుంటే 50 ఎంఎం 1.8 లెన్స్ చూడు, 45 దగ్గర నీ కిట్ లెన్స్ కంటే పన్నెండు రెట్ల వెలుగు తీసుకుంటుంది. పండగ దాకా ఆగకుండా ఛాయా సోమేశ్వరాలయం మీకు దగ్గరే కదా, పొద్దుగూకే వేళ వెళ్లు. బయట ఎండ, లోపల చీకటి, మండపంలో నిలబడి రెండు వైపులా తీస్తే కాంపెన్సేషన్ ఎటు తిప్పాలో చేతికి అలవాటవుతుంది. బ్యాటరీ ఇంకోటి కొను, సద్దుల నాడు చెరువు దాకా ఒక్కటి రాదు.