నాన్నమ్మతో ఇటలీ యాత్ర: వెనిస్‌లో బస ఎక్కడ మేలు?

నమస్కారం. నేను జర్మనీలో డిగ్రీ చదువుతున్నాను. వచ్చే వేసవిలో గుంటూరు నుంచి అమ్మ, నాన్న, నాన్నమ్మ వస్తున్నారు. వారికి రోమ్, ఫ్లోరెన్స్, వెనిస్ చూపించే బాధ్యత నాదే. రోమ్ నుంచి ఫ్లోరెన్స్‌కు వేగవంతమైన రైలులో సుమారు గంటన్నరే కాబట్టి ఆ ప్రయాణం గురించి బెంగ లేదు. ఫ్లోరెన్స్ కెథడ్రల్ గుమ్మటానికి 463 మెట్లున్నాయి, లిఫ్టు లేదు. అది నాన్న, నేను మాత్రమే ఎక్కుతాం.

నా అసలు సందేహం వెనిస్ గురించి. అక్కడ బస్సులు, కార్లు దీవి అంచునున్న పియాజాలే రోమా అనే కూడలి దగ్గరే ఆగిపోతాయి. ఆపైన నడక, లేదా వాపొరెట్టో అనే పడవ. కాలువల మీది వంతెనలకు చాలావరకు మెట్లే కనుక, మోకాళ్ల నొప్పులున్న నాన్నమ్మతో, బరువైన సూట్‌కేసులతో (ఊరగాయలు తేకుండా ఉండరు కదా) వెళ్లే మేము పడవ రేవు పక్కన దీవిలోనే గది తీసుకోవడం మంచిదా, లేక గదులు చవకగా దొరికే మెస్త్రేలో (దీవికి ఎదురుగా ప్రధాన భూభాగం మీదున్న ప్రాంతం) దిగి రోజూ రైలులో వెళ్లిరావడం మంచిదా?

నాన్నమ్మ శుద్ధ శాకాహారి. పార్మిజానో చీజ్‌ను దూడ కడుపు నుంచి తీసే రెన్నెట్‌తో (పాలను గడ్డకట్టించే పదార్థం) తయారు చేస్తారు. పెస్తో సాస్‌లోనూ సాధారణంగా చీజ్ కలుస్తుంది. హోటల్‌లో "సెన్జా ఫొర్మాజ్జో" (చీజ్ లేకుండా) అని చెబితే సరిపోతుందా, లేక మరింత వివరంగా అడగాలా? పెద్దవారిని వెంటబెట్టుకుని వెళ్లినవారు దయచేసి తెలియజేయగలరు.