ఈ వారం సమస్య: తార కాగఁ గోరి తారఁ దిట్టె

ఇచ్చింది నాలుగో పాదం, ముందు మూడు పాదాలు మీరు రాసి ఆటవెలది పద్యంగా పూరించాలి. సందర్భం చెబుతాను. బ్రిటిష్ పాప్ గాయకుడు రాబీ విలియమ్స్ 2001లో పాత స్వింగ్ (ఒక తరహా జాజ్) పాటలతో ఒక ఆల్బం చేశాడు. అందులో గై ఛాంబర్స్‌తో కలిసి రాసిన కొత్త పాట ఒక్కటే: ‘ఐ విల్ టాక్ అండ్ హాలీవుడ్ విల్ లిజన్’. తను నోరు విప్పితే హాలీవుడ్ అంతా వింటుందని గొప్పలు, తననింకా పట్టించుకోలేదని దర్శకుడు స్పీల్‌బర్గ్‌కు దెప్పులు. ఆశా అతనిదే, వెక్కిరింపూ అతనిదే. కానివ్వండి.

అనకాపల్లి మాస్టారు:
స్వింగు పాట పాడి వేడుకగా రాబి
హాలివుడ్డు వినఁగ నాశపడెను;
గొప్ప పేర్లు పిలిచి కొంటెగా నవ్వుచు
తార కాగఁ గోరి తారఁ దిట్టె.

నిర్వాహకుడు: మాస్టారూ, ‘స్వి’కి ‘వే’ యతి (అక్షరాల పొత్తు) భలే కుదిరింది. ‘హాలీ’ని ‘హాలి’ చేయకపోతే గణం (గురులఘువుల లెక్క) నిలవదు, మంచి పని చేశారు. కానీ ఆ పాటలో తిట్టేముంది? అంతా చమత్కారమే. పైగా హాలీవుడ్ తార నికోల్ కిడ్‌మన్ అదే ఆల్బంలో అతనితో యుగళగీతం పాడింది. ఆ యుగళగీతం 2001 డిసెంబరులో బ్రిటన్‌లో నంబర్ వన్!

వరంగల్ తమ్ముడు:
వేషమడిగి యడిగి విసిగిన కుర్రాడు
జాతకంబు చూచి చాల వగచె;
పుట్టినట్టి తార పొట్టఁ గొట్టెనటంచు
తార కాగఁ గోరి తారఁ దిట్టె.

మాస్టారు: రెండో తారను జన్మనక్షత్రం చేశావు, బాగుంది. ‘జాతకంబు’లో ‘బు’, ఆపైన ‘చాల’... రెండూ గణాల కోసం తెచ్చిన కూలీలే కదా నాయనా. అయినా లాస్ ఏంజెలిస్‌లో జన్మనక్షత్రం ఎవరు చూస్తారు?

తమ్ముడు: మా కుర్రాడు మనవాడే సార్, వీసా మీద వెళ్లాడు.

డాలస్ అక్క:
కలను ఫోను మోగె, కాల్షీట్లు లేవని
పెద్ద నటునితోడ బెట్టు సేసె;
మేలుకొన్న పిదప మిగిలె నద్దమె, యందుఁ
దార కాగఁ గోరి తారఁ దిట్టె.

నిర్వాహకుడు: అక్కా, ఈ వారం నా ఓటు మీకే. పెద్ద నటుడు ఫోన్ చేస్తే తీరిక లేదనే ఊహ ఆ పాటలోనూ ఉంది. దానికి కాల్షీట్లు తగిలించడం అచ్చంగా మన పద్ధతి. తిట్టు కూడా చివరికి పాడేవాడికే తగిలింది, మిగతా పూరణల్లో అది జారిపోయింది.

మాస్టారు: ‘యందు’ ఒంటరిగా వేలాడుతోందమ్మా. ‘నద్దమందు’ అనరాదూ?

అక్క: అంటే జగణం (లఘువు, గురువు, లఘువు) పడుతోంది మాస్టారూ. ఇంద్రగణాల్లో దానికి కాల్షీట్ లేదు.