బండి చూపించకుండా పూర్తి సొమ్ము అడిగే షోరూం: బుకింగ్ రద్దు చేసుకోవాలా, పట్టుబట్టి తీసుకోవాలా?

గుంటూరు బాటసారి

శ్రావణ మాసంలో డెలివరీ ఇస్తామన్న మాట మీద జూన్‌లో విజయవాడలోని ఒక షోరూంలో 25,000 రూపాయలు అడ్వాన్సు కట్టి కారు బుక్ చేసుకున్నాను. శ్రావణం వెళ్లిపోయింది, వినాయక చవితి కూడా వెళ్లిపోయింది, ఇప్పుడు దసరాకు ఖాయమంటున్నారు. నాతో మాట్లాడిన సేల్స్ కుర్రవాడు ఉద్యోగం మానేశాడట; అతని స్థానంలో వచ్చిన అమ్మాయికి నేను ఏ రంగు అడిగానో కూడా తెలియదు. నిన్న మాత్రం వారే ఫోన్ చేసి, బండి వచ్చిందనీ, రెండు రోజుల్లో మిగతా సొమ్మంతా కట్టకపోతే వెయిటింగ్‌లో ఉన్న మరొకరికి ఇచ్చేస్తామనీ చెప్పారు. బండిని గుర్తించే చాసిస్ నంబరు అడిగితే సొమ్ము జమ అయ్యాకే ఇస్తారట. పైగా కొటేషన్‌లో లేని 32,000 రూపాయల యాక్సెసరీస్ ప్యాకేజీ తీసుకోవాలట, ఇన్సూరెన్స్ వారి దగ్గరే చేయించాలట. అడ్వాన్సు వెనక్కి తీసుకోవడమా, పోట్లాడి ఈ బండే తీసుకోవడమా అన్నది తేలడం లేదు. కొత్త బండి ఇంటికి వచ్చే వేళ గొడవెందుకని ఇంట్లో వాళ్లు అంటున్నారు.

పాత అంబాసిడర్

ఇంట్లో వాళ్ల మాటే నా మాట కూడా. ఇప్పుడు రద్దు చేసుకుంటే మరో షోరూంలో వరుస చివర నిలబడాలి, అక్కడి వారు ఇంతకంటే మర్యాదస్తులని నమ్మకమేమీ లేదు. రేపు సర్వీసుకు వెళ్లవలసింది కూడా వీరి దగ్గరికే. 32,000 రూపాయల ప్యాకేజీని బేరమాడి సగం చేయించుకోండి, సొమ్ము కట్టండి, పండుగ పూట చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి బండి ఇంటికి తెచ్చుకోండి.

ఓరుగల్లు వాసి

పాత అంబాసిడర్ గారు అనుభవజ్ఞులే అయినా, ఈ సలహాతో నేను ఏకీభవించలేను. వారంటీ ఇచ్చేది కంపెనీ. దాని అధీకృత సర్వీసు కేంద్రం ఏ ఊళ్లో ఉన్నా పని చేయించుకోవచ్చు, కనుక ఈ షోరూంకు జీవితాంతం కట్టుబడి ఉండవలసిన అవసరం లేదు.

అసలు విషయం వేరే ఉంది. కొనుగోలుదారు చేతిలో ఉన్న ఒకే ఒక్క బలం ఇంకా కట్టని సొమ్ము. అది బ్యాంకు నుంచి వెళ్లిపోయిన మరుక్షణం మన ఫోన్లకు జవాబిచ్చేవారు కూడా ఉండరు. అందువల్ల రద్దా, కొనసాగింపా అన్న ప్రశ్నకు ముందే, చాసిస్ నంబరు తెలుసుకొని, స్టాక్‌యార్డులో బండిని పగటి వెలుతురులో కళ్లారా చూసేదాకా మిగతా సొమ్ము కట్టబోమని ఈమెయిల్‌లో రాసి పంపండి. ఫోన్‌లో అన్న మాటలు రేపు ఎవరూ ఒప్పుకోరు.

యార్డుకు వెళ్లినప్పుడు టైరు పక్క గోడ మీద ఉండే నాలుగంకెలు చూడండి. మొదటి రెండూ తయారైన వారం, చివరి రెండూ సంవత్సరం. 3224 అని ఉంటే 2024లో 32వ వారం అన్నమాట. టైరు తేదీ, కారు తయారీ తేదీ ఒకటే కావాలని లేదు గానీ, నాలుగు టైర్లూ ఒకే పాత తేదీ చూపిస్తే అనుమానించాలి, తయారీ నెలను కాగితం మీద అడగాలి.

ఇన్సూరెన్స్ ఎవరి దగ్గర తీసుకోవాలన్నది పూర్తిగా మీ ఇష్టం. డీలరు బలవంతం చేయకూడదన్నది బీమా నియంత్రణ సంస్థ నిబంధన. కారు ధర 10 లక్షలు దాటితే బిల్లులో కనిపించే ఒక శాతం టీసీఎస్‌ను, అంటే అమ్మేవారు మన దగ్గర వసూలు చేసి ప్రభుత్వానికి జమ చేసే పన్నును, మాత్రం మోసంగా భావించకండి, అది ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుబాటవుతుంది.

షోరూంలో తొమ్మిదేళ్లు

కౌంటరుకు అటువైపు కూర్చున్నవాడిగా ఒక మాట. ఏ రంగు, ఏ వేరియంట్ ఎన్ని బండ్లు రావాలో చాలావరకు కంపెనీ కేటాయింపు తేలుస్తుంది. సేల్స్ కుర్రవాళ్లకు తేదీ నిజంగానే తెలియదు, తెలియదని చెబితే బుకింగ్ పోతుందని ఏదో ఒక పండుగ పేరు చెబుతారు. వారి జీతం పక్కన వచ్చే ప్రోత్సాహకం ఇన్సూరెన్స్, యాక్సెసరీస్ మీదే ఎక్కువగా ఆధారపడి ఉంటుంది, అందుకే అంత పట్టుదల. డెలివరీ నాటి ధరే వర్తిస్తుందన్న నిబంధనను అందరూ తిట్టుకుంటారు గానీ, 2025 సెప్టెంబరు 22న కార్లపై జీఎస్‌టీ తగ్గినప్పుడు అంతకుముందు బుక్ చేసి బండి అందనివారికి లాభం చేసింది ఆ నిబంధనే. అయితే చాసిస్ నంబరు దాచడాన్ని మాత్రం నేను సమర్థించను. బండి నిజంగా యార్డులో ఉంటే ఆ నంబరు చెప్పడానికి రెండు నిమిషాలు చాలు.

పాత అంబాసిడర్

సరే, డీలరు వినకపోతే కంపెనీ ప్రధాన కార్యాలయానికి రాస్తే సరిపోదా? వినియోగదారుల కమిషన్ దాకా వెళితే చెప్పులరిగిపోతాయి. మా బావమరిది ఫ్రిజ్ కేసు రెండేళ్లు నడిచింది.

ఓరుగల్లు వాసి

రాయవచ్చు, కానీ దాని మీదే ఆశ పెట్టుకోవద్దు. గోవాలో 2011 మోడల్ కోరినవారికి 2009లో తయారైన కారు అంటగట్టిన వివాదంలో, డీలరు చేసిన పనికి కంపెనీ బాధ్యత వహించనక్కరలేదని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. కంపెనీకి, డీలరుకు మధ్య ఉన్నది కొని అమ్ముకునే సంబంధమే తప్ప ఏజెంటు సంబంధం కాదన్నది అందులో ముఖ్య కారణం. కాబట్టి నోటీసు డీలరు పేరిటే ఉండాలి.

కేసులు ఆలస్యమవుతాయన్నది నిజమే. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం మూడు నెలల్లో తేల్చాలంటుంది, ఆచరణ మీ బావమరిది గారికే తెలుసు. కానీ ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించుకోవడానికి ఖర్చేమీ లేదు. జిల్లా కమిషన్‌లో 5 లక్షల లోపు చెల్లింపులకు రుసుము లేదు. బాటసారి గారు ఇప్పటికి కట్టింది 25,000 మాత్రమే. కేసు విజయవాడలోనే వేయాలని కూడా లేదు, తాము నివసించే గుంటూరులో వేసుకోవచ్చు.

గుంటూరు బాటసారి

అందరికీ కృతజ్ఞతలు. ఈమెయిల్ పంపిన మూడు గంటల్లో చాసిస్ నంబరు వచ్చింది! ఈ ఉదయం యార్డుకు వెళ్లి వచ్చాను. బానెట్ మీద వేలితో పేరు రాయగలిగినంత దుమ్ము ఉంది. నాలుగు టైర్లూ ఈ ఏడాది ఎనిమిదో వారానివి, అంటే ఫిబ్రవరివి. తయారీ నెల రాసివ్వమని అడిగాను, మేనేజరు సోమవారం ఇస్తానన్నాడు. యాక్సెసరీస్ ప్యాకేజీ తీసేశారు. ఇన్సూరెన్స్ దగ్గర మాత్రం ఇంకా పేచీ పెడుతున్నారు. మీటరు 41 కిలోమీటర్లు చూపిస్తోంది. సోమవారం కాగితం చేతికి వచ్చేదాకా సొమ్ము కట్టను.

షోరూంలో తొమ్మిదేళ్లు

ట్రక్కు మీద వచ్చిన బండికి 41 కిలోమీటర్లు ఎక్కువే. టెస్ట్ డ్రైవ్‌కు వాడారేమో సోమవారం అది కూడా రాతపూర్వకంగా అడగండి.