మౌలిక కణాల క్విజ్‌లో 25కి 21 వచ్చాయి, తప్పయిన నాలుగింటి గురించి

ప్రశ్న

నమస్తే అండి. నేను డిగ్రీ రెండో సంవత్సరం ఫిజిక్స్ చదువుతున్నాను. వచ్చే నెల వైవాలో మౌలిక కణాల మీద తప్పకుండా అడుగుతారని టెన్షన్‌గా ఉంది. గోడకు ఒక చార్ట్ అంటించుకుని రోజూ చూస్తున్నాను: ఆరు క్వార్కులు, ఆరు లెప్టాన్లు (ఎలక్ట్రాన్, మ్యువాన్, టౌ, వాటి న్యూట్రినోలు), ఫోటాన్, గ్లూవాన్, డబ్ల్యూ, జెడ్, హిగ్స్. మొత్తం 17. ఆవేశం, స్పిన్, కనుగొన్న సంవత్సరం అన్నీ నోటికి వచ్చు.

నిన్న రాత్రి 25 ప్రశ్నల పరీక్ష ఒకటి పెట్టుకున్నాను. టాప్ క్వార్క్ 1995, టౌ న్యూట్రినో 2000, హిగ్స్ 2012 లాంటివి చూడగానే రాసేశాను. 21 వచ్చాయి. పోయిన నాలుగు ఇవి.

గ్లూవాన్లు ఎన్ని రకాలు అంటే ఒకటి అన్నాను. ఎనిమిది అట.

మ్యువాన్ ఏ కుటుంబానిది అంటే మెసాన్ అన్నాను. నా దగ్గరున్న పాత పుస్తకంలో 'మ్యూ మెసాన్' అనే ఉంది మరి.

ప్రోటాన్ ద్రవ్యరాశిలో ఎక్కువ భాగం ఎక్కడి నుంచి వస్తుంది అంటే హిగ్స్ క్షేత్రం అన్నాను. కణాలకు ద్రవ్యరాశి ఇచ్చేది హిగ్స్ అనే కదా అందరూ చెప్తారు?

న్యూట్రాన్ క్షయమై ప్రోటాన్, ఎలక్ట్రాన్ మాత్రమే రావడం సాధ్యమా అంటే సాధ్యమే అన్నాను. అటూ ఇటూ ఆవేశం సున్నానే, సరిపోయింది.

సరైన జవాబులు చూశాను కానీ ఎందుకో మాత్రం అర్థం కాలేదు. ఆ 21 కూడా చార్ట్ గుర్తుండి పెట్టినవే అని ఇప్పుడు అనిపిస్తోంది. ఈ సబ్జెక్టు నాకు నిజంగా వచ్చో రాదో ఎలా పరీక్షించుకోవాలి?

సమాధానం 1

పదిహేనేళ్ళుగా పీజీ వాళ్ళకు కణభౌతికశాస్త్రం చెబుతున్నాను. మీ 21 కన్నా ఈ నాలుగే నాకు నచ్చాయి. నాలుగూ మంచి ప్రశ్నలు, మీ తప్పులకు కూడా కారణాలున్నాయి.

మ్యువాన్ విషయంలో మీరు చేసిన తప్పు ఒకప్పుడు శాస్త్రవేత్తలంతా చేసినదే. కేంద్రకంలో కణాలను కట్టి ఉంచే బలాన్ని మోసే కణం ఒకటి ఉండాలని, అది ఎలక్ట్రాన్ కన్నా సుమారు 200 రెట్లు బరువుండాలని 1935లో యుకావా చెప్పారు. మరుసటి ఏడాదే కాస్మిక్ కిరణాల్లో ఆండర్సన్, నెడర్‌మేయర్‌లకు దాదాపు అంతే బరువున్న కణం దొరికింది. అదే ఇదని చాలామంది నమ్మారు. కానీ కేంద్రకం పక్కకు వెళ్ళినా దాన్ని పట్టించుకోవడం లేదని 1947 నాటికి తేలిపోయింది. యుకావా చెప్పిన పయాన్ అదే ఏడాది విడిగా దొరికింది. మెసాన్ అంటే ఒక క్వార్కు, ఒక ప్రతిక్వార్కు (అంతే బరువు, వ్యతిరేక ఆవేశం ఉన్న ప్రతికణం) కలిసినది. మ్యువాన్ లోపల ఏమీ లేదు. ఎలక్ట్రాన్ లాంటిదే, 207 రెట్లు బరువు, 2.2 మైక్రోసెకన్ల ఆయుష్షు. మీ పుస్తకంలోని పేరు ఆ పాత నమ్మకం మిగిల్చిన గుర్తు.

ఇక ప్రోటాన్. మీ చార్ట్‌లోనే లెక్క వేసి చూడండి. అప్ క్వార్క్ సుమారు 2.2 ఎంఈవీ (కణాల ద్రవ్యరాశిని చెప్పే ప్రమాణం), డౌన్ 4.7. రెండు అప్‌లు, ఒక డౌన్ కలిపితే 9. ప్రోటాన్ మాత్రం 938. క్వార్కుల సొంత బరువు ఒక శాతమే, హిగ్స్ ఇచ్చింది ఆ ఒక్క శాతమే. మిగతాదంతా లోపల క్వార్కులు కదిలే శక్తి, వాటిని పట్టి ఉంచే గ్లూవాన్ క్షేత్రపు శక్తి. ఐన్‌స్టీన్ సూత్రం ప్రకారం ఆ శక్తే మనకు ద్రవ్యరాశిగా కనిపిస్తుంది. మీరు, నేను, ఈ భూమి, అన్నిటి బరువూ చాలావరకు అదే. 'ద్రవ్యరాశి ఇచ్చేది హిగ్స్' అన్న మాట ఎలక్ట్రాన్, క్వార్కు, డబ్ల్యూ, జెడ్ లాంటి మౌలిక కణాలకు వర్తిస్తుంది. ప్రోటాన్ మౌలిక కణం కాదు కదా.

నాలుగోది: ఆవేశం ఒక్కటే చూస్తే చాలదు. న్యూట్రాన్ స్పిన్ (కణానికి సహజంగా ఉండే కోణీయ ద్రవ్యవేగం) ½. కుడివైపు ½ స్పిన్ కణాలు రెండుంటే మొత్తం కోణీయ ద్రవ్యవేగం పూర్ణ సంఖ్యే అవుతుంది, ½ ఎప్పటికీ రాదు. లెప్టాన్ సంఖ్య (లెప్టాన్ల లెక్కలోంచి ప్రతిలెప్టాన్లను తీసేస్తే వచ్చేది, అది మారకూడదు) కూడా తప్పుతుంది: ఎడమవైపు సున్నా, కుడివైపు ఒకటి. ఇంకొక కణం ఉండి తీరాలి. అదే ఎలక్ట్రాన్ ప్రతిన్యూట్రినో. బీటా క్షయంలో (న్యూట్రాన్ ఇలా ప్రోటాన్‌గా మారడంలో) శక్తి లెక్క కుదరక పౌలీ 1930లో ఈ కణాన్ని ఊహించారు. కొవాన్, రైన్స్ దాన్ని పట్టుకునేసరికి 1956 వచ్చింది.

పరీక్షించుకోవడానికి నేను పిల్లలకు ఇచ్చేది ఇదే. చార్ట్ మూసేసి ఒక చర్య రాయండి. జరుగుతుందా, జరగదా, ఏ నియమం ఆపుతోంది, చెప్పండి. ఆప్షన్లు ఉండకూడదు. ఇవి చేసి చూడండి:

అ) ఎలక్ట్రాన్ → న్యూట్రినో + ఫోటాన్
ఆ) మ్యువాన్ → ఎలక్ట్రాన్ + ఫోటాన్
ఇ) విడిగా ఉన్న ప్రోటాన్ → న్యూట్రాన్ + పాజిట్రాన్ (ఎలక్ట్రాన్ ప్రతికణం) + న్యూట్రినో

సమాధానం 2

గ్లూవాన్ సంగతి మిగిలిపోయింది కాబట్టి నేను చెప్తాను. క్వార్కులకు మూడు రంగులు (నిజమైన రంగులు కావు, ఆవేశం లాంటి ఒక గుణానికి పెట్టిన పేరు). గ్లూవాన్ ఒక రంగును, ఒక ప్రతిరంగును మోస్తుంది. మూడు మూళ్ళు తొమ్మిది. అందులో అన్ని రంగులూ సమానంగా కలిసి రంగే లేకుండా పోయే మిశ్రమం ఒకటుంది, అది ప్రకృతిలో లేదు. మిగిలినవి ఎనిమిది.

ఇలాగే '17' అన్న సంఖ్యను కూడా ఒకసారి విప్పి చూడండి. ఆరు క్వార్కులు, మూడు రంగులు, ప్రతికణాలతో కలిపి 36. లెప్టాన్లు ప్రతికణాలతో 12. గ్లూవాన్లు 8, డబ్ల్యూ 2, జెడ్, ఫోటాన్, హిగ్స్ ఒక్కొక్కటి. మొత్తం 61. వైవాలో 17 అన్నా 61 అన్నా తప్పు కాదు, ఎలా లెక్కపెట్టారో చెప్పగలిగితే.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ చాలా థాంక్స్ అండి. కాగితం మీద చేశాను, సార్.

అ) జరగదు. ఎడమవైపు ఆవేశం మైనస్ ఒకటి, కుడివైపు సున్నా.
ఆ) జరగదు. ఆవేశం, మొత్తం లెప్టాన్ సంఖ్య, స్పిన్ అన్నీ కుదిరాయి. కానీ మ్యువాన్ రకం పోయి ఎలక్ట్రాన్ రకం వచ్చింది.
ఇ) జరుగుతుంది. ఆవేశం, బేరియాన్ సంఖ్య (ప్రోటాన్, న్యూట్రాన్ లాంటి కణాల లెక్క), లెప్టాన్ సంఖ్య, స్పిన్ నాలుగూ చూశాను. పైగా బీటా ప్లస్ క్షయం పాఠంలో సరిగ్గా ఇదే ఉంది.

సమాధానం 1

మొదటిది ఒప్పు. రెండోదానికి మీరు రాసిన కారణం కూడా బాగుంది. ఒక్క మాట చేర్చుకోండి: న్యూట్రినోలు ప్రయాణంలో రకం మారతాయని జపాన్‌లోని సూపర్ కామియోకాండె 1998లో చూపించింది. అంటే రకం మారకూడదన్న నియమం పూర్తిగా గట్టిది కాదు. అందుకే మ్యువాన్ ఇలా క్షయం కావడాన్ని ఇంకా వెతుకుతున్నారు. ఇప్పటివరకు ఒక్కసారి కూడా కనబడలేదు. వైవాలో 'జరగదు' అని ఆగిపోకుండా 'ఇంతవరకు చూడలేదు' అంటే, ఎదుటి మనిషికి మీరు ఆలోచించి చదివారని తెలుస్తుంది.

మూడోది తప్పు. నేను 'విడిగా ఉన్న' అని ఎందుకు రాశానో చూడండి. మీరు చూసిన నాలుగూ కుదిరాయి, ద్రవ్యరాశి చూడలేదు. ప్రోటాన్ 938.27 ఎంఈవీ, న్యూట్రాన్ 939.57. తనకన్నా బరువైన దానిగా ఏ కణమూ క్షయం కాజాలదు. కేంద్రకం లోపలైతే కావలసిన శక్తిని కేంద్రకమే ఇవ్వగలదు, మీ పాఠంలోది ఆ సందర్భం. విడి న్యూట్రాన్‌కు ఆ అడ్డు లేదు, అందుకే సగటున సుమారు 880 సెకన్లలో పోతుంది. మరి డ్యుటీరియం (బరువు హైడ్రోజన్) కేంద్రకంలో ఒక ప్రోటాన్‌తో పాటు ఒక న్యూట్రాన్ ఉంది కదా, అది పదిహేను నిమిషాల్లో ఎందుకు పోవడం లేదు? ఆ కేంద్రకం, అంటే డ్యుటీరాన్, ద్రవ్యరాశి 1875.61 ఎంఈవీ. ఇక మీరు చేయండి.

ప్రశ్న అడిగినవారు

చేశాను సార్. లోపలి న్యూట్రాన్ క్షయమైతే రెండు ప్రోటాన్లు, ఒక ఎలక్ట్రాన్, ఒక ప్రతిన్యూట్రినో రావాలి. రెండు ప్రోటాన్లు కలిపి 1876.54. ఎలక్ట్రాన్ 0.51 కలిపితే 1877.05. డ్యుటీరాన్ దగ్గర ఉన్నది 1875.61 మాత్రమే. 1.44 ఎంఈవీ తక్కువ పడింది, కాబట్టి జరగదు. రెండుసార్లు కూడి చూసుకున్నాను, అంతే వచ్చింది.

ప్రోటాన్, న్యూట్రాన్ మౌలిక కణాలు కావు కాబట్టి వాటి ద్రవ్యరాశులు నా చార్ట్‌లో లేవు. ఇప్పుడు కింద పెన్నుతో రాసి పెట్టుకున్నాను.