పాత సున్నపు గోడకు అతుకు వేస్తే రంగు కలవడం లేదు, ఏం చేయాలి?

ఇది పాత ఇటుక గోడ. సున్నపు గార మీద పల్చగా కావి రంగు పూత ఉంది. ఏటవాలు ఎండలో తాపీ తిరిగిన ప్రతి జాడా కనిపిస్తుంది. ఆ అందం చెడకుండా బాగుచేయాలన్నదే మా పట్టుదల.

కింద మూడడుగుల మేర ఎప్పుడో సిమెంటు పూశారు. చెమ్మకు బయటికి దారిలేక పైకి ఎగబాకింది. సిమెంటు అంచు పైన ఉప్పు తేలి, గార పొడిపొడిగా రాలింది. సిమెంటు ఒలిచి, ఉప్పును పొడి బ్రష్షుతోనే దులిపాం (కడిగితే కరిగి మళ్లీ గోడలోకే పోతుంది). నానబెట్టిన సున్నం ఒక పాలు, గరుకు ఇసుక మూడు పాళ్లు కలిపి, గోడ తడిపి, పొరకు 10 మిల్లీమీటర్లు మించకుండా రెండు పొరలు వేశాం. తడి గోనెపట్టాలు కప్పి ఉంచడంతో పగుళ్లు రాలేదు.

చిక్కల్లా పూతతోనే. సున్నాన్ని పాలంత పల్చగా కలిపి, అందులో కావి మన్ను వేసి, రోజుకొకటి చొప్పున మూడు పూతలు వేశాం. ఆరాక రంగు లేతబారడం మామూలే. కానీ కొత్త గార నీటిని ఎక్కువ పీల్చడంతో అతుకు కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది.

అతుకు వరకే రంగు సరిచేయాలా, ఈ మూల నుంచి ఆ మూల దాకా చివరి పల్చని పూత ఒకటి వేయాలా? అలా వేస్తే పాత పొరల ఛాయ కప్పబడిపోదా? సున్నం గాలి తగిలి నెమ్మదిగా గట్టిపడుతుంది కదా, ఇంకొన్ని వారాలు ఆగితే పీల్చుడు తగ్గుతుందా? సున్నం బరువులో కావి మన్ను ఎంత దాటితే పూత చేతికి అంటుతుంది?

ప్లాస్టిక్ ఎమల్షన్ మాత్రం సూచించకండి, చెమ్మ మళ్లీ లోపలే చిక్కుకుంటుంది.