అభిమాన రచయిత్రికి ఉత్తరం ఎలా పంపాలి?

నాకు ప్రాణమైన నవలా రచయిత్రికి థ్యాంక్స్ చెబుతూ ఉత్తరం రాయాలనుకుంటున్నాను, కాస్త సలహా ఇవ్వండి. ఎదుటి మనిషి గురించి వెంటనే తీర్పు చెప్పేయకుండా వాళ్ల వైపు నుంచి కూడా చూడటం నాకు ఆవిడ పుస్తకాల వల్లే అలవాటైంది. ఒక నవలలో, కూతురితో మాటలు మానేసిన తండ్రి ఆమె తెగిన చెప్పుల్ని ఎవరికీ చెప్పకుండా కుట్టించి గుమ్మం దగ్గర పెట్టేస్తాడు, అది చదివాకే మా నాన్న మౌనం నాకు అర్థమైంది. పుస్తకం మొదటి పేజీల్లో ప్రచురణకర్తల అడ్రస్ ఉంది. కవర్ మీద ఆవిడ పేరు రాసి అక్కడికి పంపితే నిజంగా చేరవేస్తారా? ఈమెయిల్ కంటే చేత్తో రాసిందే బాగుంటుందని నా ఉద్దేశం. ఇలా రాసినవాళ్లు ఉంటే చెప్పండి, ఎంత రాయొచ్చు, నాన్న సంగతి లాంటి సొంత విషయాలు రాస్తే ఆవిడకు ఇబ్బందిగా ఉంటుందా?