మా చేలో మీథేన్ శాటిలైట్‌కి నిజంగా కనిపిస్తుందా?

గోదారిగట్టు:
మాది భీమవరం దగ్గర పల్లె, నాలుగెకరాల వరి. పోయిన వారం కార్బన్ క్రెడిట్ కంపెనీ అంటూ ఇద్దరొచ్చారు. దాళ్వాలో (రబీ పంటలో) చేను మధ్యమధ్యలో ఆరగట్టి నీళ్లు పెడితే, భూమిని వేడెక్కించే మీథేన్ గ్యాస్ తగ్గుతుందట, ఎంత తగ్గిందో శాటిలైట్ కొలుస్తుందట, దాన్నిబట్టి డబ్బులు వేస్తారట. నాన్నగారు సంతకానికి సిద్ధం, నాకే టెన్షన్‌గా ఉంది. రంగూ వాసనా లేని గ్యాస్‌ని అంత పైనుంచి ఎలా కొలుస్తారు? గట్టుకి ఇవతలది మాది, అవతలది పక్కవాళ్లది అని దానికెలా తెలుస్తుంది?

నీలిమేఘం:
శాటిలైట్ చూసేది వెలుతురునండి. ఎండ నేలను తాకి తిరిగి పైకి పోయేటప్పుడు మీథేన్ అందులో కొన్ని పరారుణ కిరణాలను పీల్చేసుకుంటుంది, 2.3 మైక్రాన్ల తరంగదైర్ఘ్యం దగ్గర ఇది బాగా తెలుస్తుంది. అక్కడ వెలుతురు ఎంత తగ్గిందో చూసి గాలిలో మీథేన్ ఎంతుందో లెక్కకడతారు. జపాన్ వాళ్ల గోశాట్ 2009 నుంచి ఇదే పని చేస్తోంది. 2017లో యూరప్ పంపిన సెంటినెల్-5పీ అయితే దాదాపు భూమంతటినీ రోజూ చూస్తుంది, కానీ దాని ఫొటోలో ఒక్క చుక్క అంటే 5.5 కిలోమీటర్లు బై 7 కిలోమీటర్లు, మన లెక్కలో సుమారు 9,500 ఎకరాలు. మీ చేను, పక్క చేను, చేపల చెరువులు, ఊరు అన్నీ ఆ ఒక్క చుక్కలోనే. పైగా మబ్బు పడితే అదీ లేదు, సార్వా (ఖరీఫ్) అంతా మబ్బే కదా.

పాతబస్తీ_కుర్రాడు:
25 మీటర్ల వరకు చూసేవి కూడా ఉన్నాయి కదా, కెనడా కంపెనీ జీహెచ్‌జీశాట్‌వి? ఢిల్లీ, ముంబై, లాహోర్ చెత్త డంపుల్లోంచి వచ్చే మీథేన్‌ని వాటితోనే పట్టుకున్నారు.

నీలిమేఘం:
నిజమే, కానీ అవి ఒకేచోట నుంచి గుప్పున వచ్చే గ్యాస్‌ని పడతాయి, గంటకు వంద కిలోలు అటూఇటూ ఉంటేనే. ఎకరం వరి నుంచి వచ్చేది మామూలుగా రోజుకు కిలో కూడా ఉండదు, అదీ చేనంతా పరుచుకుని వస్తుంది.

వరిమడి:
నేను ఇలాంటి ప్రాజెక్టులో ఫీల్డ్ పని చేశాను. శాటిలైట్ అన్న మాట పూర్తి అబద్ధం కాదండి, కాకపోతే అది చూసేది నీళ్లని. సెంటినెల్-1 లాంటి రాడార్ శాటిలైట్‌కి మబ్బులు అడ్డం కావు, చేలో నీరు నిలిచి ఉందా ఆరిందా అన్నది చాలావరకు చెబుతుంది. ఎన్నిసార్లు ఆరగట్టారో చూసి మీథేన్ ఎంత తగ్గి ఉంటుందో ఫార్ములాతో లెక్క వేస్తారు. అసలు గ్యాస్ కొలవాలంటే దుబ్బుల మీద పెట్టె బోర్లించి, అందులోని గాలిని ల్యాబ్‌కి పంపాలి, అది కొన్ని చేలల్లోనే చేస్తారు.

అందుకే సంతకానికి ముందు మూడు అడగండి: లెక్క ఏ ఫార్ములాతో వేస్తారు, మీ చేనుకి విడిగానా ఊరంతటికీ కలిపా, శాటిలైట్ తప్పు చూపిస్తే మీ మాట ఎవరు వింటారు. చేలో చిల్లుల పైపు పాతి నీటిమట్టం ఫొటో తేదీతో సహా తీసుకోండి, రేపు పేచీ వస్తే అదే మీ సాక్ష్యం. నీరు నేలమట్టం నుంచి 15 సెంటీమీటర్లు లోపలికి దిగాక మళ్లీ పెట్టాలి, వెన్ను తీసేటప్పుడు మాత్రం ఎవరు చెప్పినా ఆరబెట్టకండి, గింజ తాలుపోతుంది.

గోదారిగట్టు:
చాలా థాంక్సండి. ఈ మూడూ కాగితం మీద రాసుకున్నాను, ఆదివారం వాళ్లు వచ్చినప్పుడు నాన్నగారి ముందే అడుగుతాను. మా చేను కాలవకి చివర్లో ఉంది, వంతు తప్పితే నీళ్లు రావు, ఒకసారి ఆరగట్టాక మళ్లీ సమయానికి తడి అందుతుందా అన్నది కూడా అడగాలి.